ఎర్రగుడ్డ గూటం

“ఏమప్పా బసప్పా, ఎవురి చేలో కొడతాండావు ఆ గూటం?”

తిమ్మమ్మ నెత్తి మీది కందికట్టె మోపు దబ్బున కింద పడేసి అడిగింది. బసప్ప సుత్తి ఆపకుండానే, “కొలతక్కా. దాన్ని నువ్వు ముట్టుకోవద్దు, ఎవుర్నీ ముట్టుకోనీవద్దు,” అన్నాడు.

“ఏం కొలత?”

సుత్తి దెబ్బలకు వినపడలేదో, వినపడనట్టు నటించాడో గానీ వాడు ఇంకో నాలుగు దెబ్బలు వేశాడు. గూటం తలకు ఎర్రగుడ్డ పీలిక చుట్టి, చేతికట్టె భుజాన వేసుకుని బెళుగుప్ప రోడ్డు పట్టాడు.

ఇద్దరి చేలకూ నడుమ గట్టు మీద చింతమాను ఉంది. రెండేండ్లుగా వాన మొగం చూడక నిలువునా ఎండిపోయింది. బసప్ప చేను పక్కకు పడితే బోరు మోటారూ కరెంటు తీగలూ పోతాయి. అందుకని మీ బీడు పక్కకు పడగొట్టుకుంటామని వాడు బతిమాలితే, సగం కట్టెలు తనకేనని ఒప్పించుకుని తిమ్మమ్మ సరేనంది. మాను పడగొట్టమంది గానీ, గట్టుకు అంత దూరాన బీడు నడుమ గూటం పాతమందా? కూసోను చోటిస్తే పండుకోను మంచమడిగే రకం.

నాలుగేండ్ల కిందట సేద్యం చేస్తూ చేస్తూ నాలుగు చాళ్లు గట్టు మీదికి ఎక్కించింది వీడే. ఈ పొద్దు వాడి చేష్టలు మరీ వింతగా ఉన్నాయి. చేతికట్టెను బీడులో నిలబెట్టి, దాని నీడ చూసుకుంటూ గంటసేపు కూర్చున్నాడు. గడియ కోసం కాచుకున్నాడన్నమాట. మంచిపనికి గడియ చూస్తారని తెలుసు గానీ దొంగపనికి కూడా చూస్తారని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

కొలత అన్న మాట వినగానే ఆమెకు సర్వే గుర్తొచ్చింది. వచ్చే సోమవారం ఊళ్లోకి సర్వేవాళ్లు వస్తున్నారు. పోయినేడు ఆమె అక్క సుబ్బరత్నమ్మ చేలో దాయాది ఒకడు ఇట్లాగే కొలతకని గూటం కొట్టాడు. సర్వేకు వచ్చినోళ్లు దాన్నే హద్దనుకుని రాయి పాతిపోయారు. అక్క ఇప్పటికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. తిమ్మమ్మకు ఉన్నదంతా ఈ రెండెకరాలూ, కూతురు త్రివేణీ. మూడోది లేదు.

ఇంటికాడ త్రివేణి ట్రాక్టరు వెనక ఇనుపతాడు చుట్టే వించి బిగిస్తోంది. ట్రాక్టరు మహిళా సంఘానిది, నడిపేది త్రివేణి. రేపు మానును లాగేది కూడా అదే.

“మీ మామ మన చేలో కొలతేసి గూటం కొట్టినాడే.”

“కొట్టనీమ్మా. కొలత లేకుండా ఎవురన్నా పని చేస్తారా?”

“ఎవురి చేలో కొట్టినాడో అది చూడు.”

“నీకు బసప్ప మామ తుమ్మినా అనుమానమే.” త్రివేణి బోల్టు తిప్పుతూ నవ్వింది. “సీటు మీదికి ఇనుప చట్రం ఇంకా రాలేదు. అది లేకుండా లాగొద్దని మామ ఒకటే గొడవ. దూరంగా నిలుపుతా లెమ్మని నేనే ఒప్పించినా.”

పిచ్చిపిల్ల, లోకం తెలీదు. ఇంకేమన్నా అంటే పోయి మామ చెవిలో వేస్తుందని తిమ్మమ్మ పొయ్యి ముట్టించడానికి లోపలికి పోయింది.

ఊరంతా సంగటి ముందు కూర్చున్న వేళ చూసుకుని ఆమె చేనికి పోయింది. గూటాన్ని అటూ ఇటూ ఊపి పెరికింది. పారేస్తే వాడు మళ్లీ కొడతాడు. ఒకేసారి గట్టు దాకా జరిపితే కనిపెడతాడు. మాను వైపుకు పన్నెండడుగులు నడిచి, అక్కడ రాయితో దిగగొట్టింది. ఇయ్యాల పన్నెండు, రేపు పన్నెండు. సోమవారానికల్లా గూటాన్ని గట్టెక్కించాలని ఆమె లెక్క. పాత బొక్కను మట్టితో పూడ్చి, కాలితో మెత్తి, పైన ఇంత పల్లేరుకంప వేసింది. చాన్నాళ్ల తర్వాత ఆ పూట ఆమెకు సంగటి రుచిగా అనిపించింది.

మరునాడు పొద్దున్నే బసప్ప, మాను పడాల్సిన పక్క మొదట్లో ముక్కోణంగా గాటు పెట్టాడు. వెనక పక్కకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని కేకేశాడు.

“త్రివేణీ, ఎర్రగుడ్డ దాటినావా?”

“దాటినా మామా.”

ట్రాక్టరు గూటానికి రెండడుగులు అవతల నిలబడి ఉంది. ఇనుపతాడు మాను నడుముకు బిగిసింది. బసప్ప తల ఎత్తి గుడ్డకేసి ఒకసారి చూసి, రంపం మిషను ఆన్ చేశాడు.

దూరంగా నిలబడిన తిమ్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. వాడు గుడ్డను చూశాడే గానీ చోటు చూడలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాళ్లుంటారని ఊరికే అన్నారా. పక్కనే ఉన్న బసప్ప పెండ్లాం లక్ష్మీదేవిని కొంచెం గిల్లాలనిపించింది.

“ఏమ్మా, మాను పడినాక ఆ గూటం పెరుకుతారా, సర్వేవాళ్లు వచ్చేదాకా అట్లే పెట్టుకుంటారా?”

మాను మొదలు ఫెళఫెళమంది. రంపం ఆగింది. బసప్ప వెనక్కి పరుగెత్తాడు. వించి తాడును లాగుతోంది, మాను తల బీడు పక్కకు వంగింది.

“సర్వేవాళ్లకు దాంతో ఏం పనక్కా?” లక్ష్మీదేవి మాను మీదినుంచి చూపు తిప్పకుండానే అంది.

“మా ఆయన కొలిచినాడు, మాను కొన సరిగ్గా ఆడికి వచ్చి పడతాది.”