మిహ్రాబు రాళ్లు

"చెక్కడం తప్పమ్మా. పైన ఏడు వరసలుండాలి. మీరు ఆరే పెట్టారు."

కంచె అవతల నిలబడ్డ ముసలాయన మాటకి, మసీదు పనులు చూసుకుంటున్న జుమ్రా తలెత్తింది.

యుద్ధంలో పేల్చేసిన మసీదుని పదేళ్ల తర్వాత మళ్లీ లేపుతున్నారు. ఒట్టోమన్ సుల్తాన్ల కాలంనాటి రాయి అక్కడ ఒక్కటీ మిగల్లేదు. మిహ్రాబుని, అంటే ఇమాం నిలబడే గూడుని, మెన్సూర్ మేస్త్రీ పాత ఫొటో చూసి కొత్త రాతిలో చెక్కుతున్నాడు. పైభాగంలో తేనెపట్టులా కిందికి వేలాడే చిన్న చిన్న అరల వరసలు.

"ఏ ఊరు పెద్దాయనా మీది?"

"నది అవతల. నా పేరు ఒస్తోయా."

అవతలి క్రైస్తవుల పేరు వినగానే జుమ్రాకి ఒళ్లు మండిపోయింది. ఇక్కడ అజాన్ పిలిచే ఆమె భర్తని పట్టుకుపోయింది ఆ ఒడ్డు నుంచి వచ్చినవాళ్లే.

"ఓహో! పేల్చేముందు వరసలు కూడా లెక్కపెట్టుకున్నారన్నమాట!"

కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఒక్కమాట చెప్పనీ అమ్మా..."

"మీ మాటలు పదేళ్ల కిందటే విన్నాం. నడు ఇక్కణ్ణుంచి!"

మూడోరోజు మళ్లీ వచ్చాడు. ఈసారి లోపలికే వచ్చేసి, చెక్కుతున్న రాయి మీద చెయ్యి వేశాడు.

"తియ్ ఆ చెయ్యి!" జుమ్రా అరిచింది. "మసీదు కూల్చింది మీరు, ఇప్పుడు పాఠాలు చెప్పేదీ మీరేనా? సిగ్గుండాలి!"

"సిగ్గుంది కాబట్టే ఇన్నాళ్లూ రాలేదమ్మా. మా ఇంట్లో..."

మెన్సూర్ ఆయన రెక్క పట్టుకుని గేటు బయటికి నెట్టాడు. ముసలాయన మోకాళ్ల మీద పడ్డాడు. లేపడానికి ఎవరూ కదల్లేదు. తనే లేచి, ప్యాంటు దులుపుకుని వంతెన వైపు వెళ్లిపోయాడు.

"ఎంత పొగరో చూశావా!" అంది జుమ్రా.

నెల తిరిగాక నల్లబట్టల్లో ఒకామె వచ్చింది.

"ఒస్తోయా కూతుర్ని. నాన్న పోయారు. మా పశువుల పాకలో ఉన్నవి మీకు అప్పగించమన్నారు. లారీ తెచ్చుకోండి, బరువెక్కువ."

జుమ్రా, మెన్సూర్ వెళ్లారు. ఆమె గడ్డి పక్కకి లాగింది.

మిహ్రాబు నేలమీద పడుకుని ఉంది. పాత మిహ్రాబే. విరిగిన ముక్కకి ముక్క జతచేసి, ప్రతి రాయికీ తారుతో అంకె వేసి.

మెన్సూర్ టోపీ తీసేశాడు. జుమ్రా వంగి పైవరసలు లెక్కపెట్టింది: ఏడు.

"ఇవి... ఆయన దగ్గరికి ఎలా వచ్చాయి?"

"పేల్చినవాళ్లే మర్నాడు నాన్నకి తుపాకీ గురిపెట్టి, రాళ్లు నదిలో పారబొయ్యమని లారీ ఇచ్చారు," అందామె. "ఆయన ఇంటికి తోలుకొచ్చారు."