వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు

"ఓటీపీ చెప్పనన్నారే నాన్న!" అంటూ సౌజన్య శారోన్ వాళ్ళ గుమ్మంలోనే కూలబడిపోయింది.

శారోన్ చేతిలో ఫోనుంది. అందులో హైదరాబాదు యూనివర్సిటీ వాళ్ళ పేజీ తెరిచి ఉంది. సీటు కావాలన్నచోట నొక్కి, సౌజన్య నాన్న లాజరు ఫోనుకొచ్చిన అంకెలు కొట్టేస్తే చాలు. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. సీటు సౌజన్యదైపోతుంది. ఈ సాయంత్రంతో గడువు సరి. దాటిందా, సీటు వెనక్కి పోతుంది.

పోతే ఎవరికి పోతుంది? అక్కడే ఉంది తిరకాసంతా. సీట్లు వచ్చినవాళ్ళలో ఆఖరి పేరు సౌజన్యది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు శారోన్‌ది. రాజోలు కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పుస్తకం చించుకుని చదివిన వాళ్ళిద్దరి మధ్య సరిగ్గా అక్కడే గీత పడింది.

"ఎందుకు చెప్పరంట?" అంది శారోన్.

"పెళ్ళికొడుకు వాళ్ళు చదువొద్దన్నారంట. తాటిపాకలో గ్యాస్ కంపెనీ ఉద్యోగం, కోరి వచ్చేరు, ఇలాంటి సంబంధం మళ్ళీ రాదు, ఆ ఇంగ్లీషు కథలు చదివి నువ్వు ఏ రాజ్యాలేలాలి అంటున్నారు. ఆదివారం ప్రధానం కూడా పెట్టేసుకున్నారే."

చున్నీతో మొహం తుడుచుకుని, నవ్వబోయింది సౌజన్య. "పోతే పోనీవే. ఎవరికో పోవట్లేదుగా. నీకేగా వచ్చేది."

"నోర్ముయ్!" అని శారోన్ అరిచిన అరుపుకి పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి. "నీ కంచంలో కూడు లాక్కునేదానిలా కనపడుతున్నానా నీకు?"

అరిచిందే గానీ, 'నీకేగా వచ్చేది' అన్న మాట చెవిని పడగానే లోపలెక్కడో ప్రాణం ఒక్క గంతు వేసింది. వేసిన సంగతి తనకి తెలిసింది. ఛీ, ఎంత నీచపు బతుకు అనుకుంది. ఆ సిగ్గు పట్టలేకే ఇంకా గట్టిగా కేకేసింది: "అమ్మా! ఒకసారి ఇలా రా!"

ఎలీసమ్మ చేపలు తోముతున్నదల్లా చేతులు కడుక్కుని వచ్చింది. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దావిడ. ఆవిడ మాటంటే ఊళ్ళో మగవాళ్ళకి కూడా గురి. సంగతి వింటూనే సౌజన్య తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఏడవకమ్మా. కళ్ళు చూడు ఎలా వాచిపోయేయో. పొద్దున్నుంచీ ఏవన్నా తిన్నావా అసలు?"

"తిండి తర్వాత చూద్దువుగాని, ముందు నువ్వెళ్ళి లాజరు మావయ్యతో మాట్లాడమ్మా. నీ మాట తీసెయ్యరు" అంది శారోన్.

"మరి నీ సంగతేంటే?"

"నాదేముంది? నాకన్నా బాగా రాసింది, దానికొచ్చింది. దాని సీటు దానిది. నేను మళ్ళీ ఏడాది రాసుకుంటాను."

ఎలీసమ్మ కూతురి వంక ఒక్క నిమిషం అలాగే చూసింది. "ఆయ్, సరేలే" అని లోపలికెళ్ళి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని బయల్దేరింది. సౌజన్య కూడా లేవబోతే ఆపేసింది. "నువ్వుండమ్మా. పిల్ల ఎదురుగా ఉంటే తండ్రి ఇంకా బిగుసుకుంటాడు."

పిల్లలిద్దరూ ఫోను మధ్యలో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. గేటు చప్పుడైతే చాలు, ఇద్దరి తలలూ ఒక్కసారే లేస్తున్నాయి. ఆశ ఎంత పాడుదో చూడండి, సౌజన్య అప్పుడే హాస్టలు దాకా వెళ్ళిపోయింది. "నువ్వొచ్చేదాకా నా గదిలో పక్క మంచం ఎవరికీ ఇవ్వనే" అంది. "ఇచ్చేవంటే చంపేస్తాను" అంది శారోన్. ఆ క్షణంలో శారోన్ మనసులో ఇంకేమీ లేదు. ఆ సీటు సౌజన్యకే కావాలి.

కొబ్బరిచెట్ల వెనక్కి పొద్దు వాలిపోతుండగా ఎలీసమ్మ తిరిగొచ్చింది. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

"కాళ్ళావేళ్ళా పడ్డానే. ఆ మనిషి పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఏం చెయ్యనమ్మా?"

సౌజన్య ఏడవలేదు. లేచి చెప్పులేసుకుంది. "మీరింత శ్రమ పడ్డారు అత్తయ్యగారూ, అదే చాలండీ" అని ఎలీసమ్మ చేతులు కళ్ళకద్దుకుంది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నువ్వైనా బాగా చదువుకోవే" అంది శారోన్‌తో. ఆ మాటకి శారోన్ గుండె చెరువైపోయింది.

తెల్లారి శారోన్ ఫోనుకి మెసేజ్ వచ్చింది. సీటు ఆమెకే ఇచ్చారు. ఎన్నాళ్ళుగా ఎదురుచూసిన మాటలు కళ్ళెదుట ఉన్నాయి, చదవడానికి కళ్ళు కనపడటం లేదు. వంటింట్లోకి వెళ్ళి గోడకి చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఎలీసమ్మ గబగబా డబ్బాలోంచి ఇంత పంచదార తీసి నోట్లో పెట్టబోయింది. "దేవుడికి స్తోత్రం! ఇంత మంచి కబురొస్తే ఏడుపేంటే?"

శారోన్ ఆ చెయ్యి తోసేసింది. పంచదార నేలపాలైంది.

"నాకొద్దమ్మా. దాని పీక మీద కాలేసి ఎక్కినట్టుంటుంది. నేను వెళ్ళను. వద్దని ఇప్పుడే రాసేస్తున్నాను."

ఎలీసమ్మ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. కూతురి ఫోను గబుక్కున లాక్కుని కొంగు చాటున దాచేసింది.

"వద్దంటావా? ఊరికే వద్దంటావా? మరి ఆ తాటిపాక సంబంధం దానంతటదే నడిచొచ్చిందనుకున్నావేంటే, పిచ్చిదానా?"