చుట్టపుచూపు

"బండి తాళం ఇలా ఇవ్వరా," అంటూ అక్క చెయ్యి చాపింది. గుమ్మం ముందు ఆమె మూడు చక్రాల మోటార్‌సైకిల్ సామాన్లతో సిద్ధంగా ఉంది.

తమ్ముడు కుట్టుమిషను మీంచి తలెత్తలేదు. "ఈ వయసులో నెల రోజులు ఊళ్లు తిరగడమేంటక్కా?"

"నర్సుగా ఉన్నన్నాళ్లూ వార్డు దాటి ఎరగను. రిటైరయ్యాక కూడా వద్దంటే ఎలా? మూడు చక్రాలున్నాయి, పడిపోనులే."

"నువ్వు పడతావని కాదు నా భయం."

"మరేంటి?"

"వెళ్లొచ్చిన ప్రతిసారీ చుట్టపుచూపుగా వచ్చినట్టుంటావు. నిన్న మంచినీళ్లు కావాల్సొస్తే నన్నడిగావు. నీ వంటింట్లో నీకు మొహమాటమేంటక్కా?"

అక్క నవ్వేయబోయింది కానీ నవ్వు రాలేదు. అమ్మ పోయినప్పటి నుంచి ఈ ఇల్లూ, వీడూ తప్ప ఆమెకు వేరే లోకం లేదు. అయినా ఇంతకుముందు వెళ్లినప్పుడల్లా, రోడ్డెక్కాక ఒక్కసారి కూడా ఇల్లు గుర్తుకు రాలేదు. ఆ సంగతి ఆమెకే ఇప్పుడు తెలిసింది.

తమ్ముడు లేచి, జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తిరిగొస్తావుగా?"

'రాకుండా ఎక్కడికి పోతానురా పిచ్చోడా' అనాలనుకుంది.

"వేళకి తిను," అని మాత్రం అంది.