ఇచ్చేవాడు ముందు తాగాలి

"రోగం దానిదైతే కషాయం నేను తాగడమేంటి?" అంటూ అనోజీ సొరబుర్రను ముక్కుకి దూరంగా పట్టుకున్నాడు.

ఒనిచా ఊరి బజారులో ఆకులూ వేళ్ళూ అమ్మే మందులావిడ మామా చిడుబెమ్ పీట మీంచి కదల్లేదు. "మీ ఇంటికొచ్చినవాళ్ళకి కల్లు పోస్తే ముందెవరు తాగుతారు బాబూ?"

"పోసినవాడే."

"ఎందుకని?"

"విషం కలపలేదని తెలియడానికి."

"మరి? కల్లుకున్న మర్యాద నీ పెళ్ళాం మందుకి లేదా? ఇచ్చేవాడు ముందు తాగాలి. అరకొర గుటక కాదు, బుర్రనిండా. అడుగున మిగిలింది ఆ పిల్లకి."

పక్కనే నిలబడ్డ అనోజీ తల్లి మోచేత్తో పొడిచింది. "తాగరా. ఆచారం దగ్గర కూడా బేరమేనా? ఇదేమన్నా నీ మోటారు సామాన్ల కొట్టనుకున్నావా?"

ఒగేచి తలవంచుకుని మొగుణ్ణి మర్యాదగా పిలుస్తూ, "ఓగా, ముందు మీరు" అంది.

తాగాడు. కాకరకాయకి మనిషి మీద పగ పుడితే అలా ఉంటుందేమో. మిగిలిన గుక్కెడూ ఒగేచి కళ్ళు మూసుకుని మింగేసింది.

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఒగేచిని జనం ఇంకా ఒగేచి అనే పిలుస్తున్నారు. తోటివాళ్ళంతా బిడ్డల్ని కని, ఆ బిడ్డల పేర్లతో ఎప్పుడో మామా ఫలానా, మామా ఫలానా అయిపోయారు. పేరు మారని ఆడదాన్ని ఆ ఊరు చూసే చూపు పగవాడికి కూడా వద్దు. మొన్నామధ్య ఆస్పత్రికి వెళ్తే డాక్టరు, "హార్మోన్ల తేడా కావచ్చు, ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి" అన్నాడు. అనోజీ కుర్చీ తన్ని లేచాడు. "మా నాన్నకి ఏడుగురు పిల్లలయ్యా! నాకా పరీక్ష?"

ఆ సంగతి తెలిసిన వారానికే తల్లి పల్లె నుంచి మూటాముల్లెతో దిగింది. దిగుతూనే కుండ బద్దలు కొట్టింది. "కొత్త పెండలం పండక్కి కోడలు నీళ్ళోసుకోకపోతే నీకు రెండో పిల్లని తెస్తాను. చూసే ఉంచాను."

అనోజీకి రెండో పెళ్ళాం అక్కర్లేదు. ఒగేచి చాలు. కానీ ఆ మాట పైకంటే పెళ్ళాం కొంగున బతికే వెధవని బజారు నవ్వుతుంది. అందుకని నోరు మూసుకుని తాగాడు. రోజూ తాగాడు.

మందొక్కటేనా? పథ్యం కూడా అతగాడిదే. బీరు బంద్. తియ్యటి గ్యాసు నీళ్ళు బంద్. తెల్లన్నం, నూనెలో వేయించినవి అన్నీ బంద్. పచ్చి అరటికాయ, చేదాకు కూర, నత్తలు. "మందిచ్చే మగాడు పథ్యం తప్పితే మందు వికటిస్తుంది" అని మామా చిడుబెమ్ చెప్పిందట. తల్లి కంచం పక్కనే కూర్చుని కాపలా కాసింది.

కొట్టు ముందునుంచి పోతూ స్నేహితుడు ఒకాఫో ఆగాడు. "ఒరే, నీ పెళ్ళాం సంగతేమో గానీ నీ పొట్టకి మాత్రం కాన్పయిపోయిందిరా!"

"పో పోరా, తాగుబోతు వెధవా."

నవ్వులాట సరే, అనోజీకి ఇంట్లో సంగతే అంతుపట్టలేదు. ఒకరోజు పెందలాడే ఇంటికొస్తే వంటింట్లో అత్తాకోడళ్ళు ఒకే చాప మీద గుసగుసలాడుకుంటున్నారు. ఇతన్ని చూడగానే తల్లి గొంతు పెంచింది. "గొడ్డుదానా, అరటికాయ తొక్క తియ్యడం కూడా రాదే నీకు!" ఒగేచి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఏడ్చిందా, నవ్విందా? ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు తల్లి సంతకి వెళ్ళినప్పుడు అడిగాడు. "అమ్మ ఆ రెండో పిల్ల గురించి ఏమన్నా చెప్పిందా?"

"మందు తాగారా?"

"అడిగినదానికి చెప్పు."

"ముందు తాగండి ఓగా."

గటగటా తాగేశాడు. "ఇప్పుడు చెప్పు. ఆ పిల్ల వస్తే నువ్వేం చేస్తావు?"

"వచ్చినప్పుడు చూద్దాం" అని ఒగేచి బుర్రలోకి తొంగిచూసింది. "అడుగుదాకా తాగేశారే!"

అనోజీ బుర్ర లాక్కుని తలకిందులుగా దులిపాడు. "అయ్యో! నీకు మిగల్లేదా? ఉండు, మళ్ళీ తెస్తా..."

"పర్లేదు లెండి. ఒక్కరోజుకేమవుతుంది?" అంటూ బుర్ర కడగడానికి వెళ్ళిపోయింది.

అతను నిలబడ్డచోటే నిలబడిపోయాడు. కాపురం కూలిపోయేలా ఉంటే ఒక్కరోజుకేమవుతుందంటుందేంటి? ఆశ వదిలేసుకుందా? పుట్టింటికి పోవడానికి మూట కట్టేసుకుందా? ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు.

పండగ ఇంకా రానేలేదు. ఎండుచేపల వాసనకి ఒగేచి గుమ్మం దగ్గరే కూలబడి వాంతి చేసుకుంది. ఆస్పత్రి సిస్టరు చూసి నవ్వింది. తల్లి నడుముకి గుడ్డ బిగించి వాకిట్లో గంతులేసింది. మొన్నటిదాకా గొడ్డుదానా అన్న నోటితోనే "నా తల్లే, నా బంగారమే" అంటూ కోడలి ముఖం నిమిరింది.

అనోజీకి ఒళ్ళంతా తేలికైపోయింది. "అమ్మా, ఆ రెండో పిల్ల వాళ్ళకి కబురు పంపెయ్యి."

"ఏ పిల్లరా?"

"అదేంటి, చూసి ఉంచానన్నావుగా!"

"ఓ, ఆ పిల్లా! పంపిస్తాలే" అంది తల్లి, నవ్వాపుకుంటూ. ఒగేచి గోడవైపు తిరిగింది.

అనోజీకి ఏమీ అర్థం కాలేదు. అయినా గెలిచినవాడు తానే కదా. కుర్చీలో కాళ్ళు బార్లా చాపుకుని మీసం దువ్వాడు.

"ఎంత మొండి రోగమే నీది! నీకోసం ఎంత చేదు మింగానో నాకే తెలుసు. ఏమ్మా, మన వంశంలో ఏ మగాడైనా పెళ్ళాం కోసం ఇంత చేశాడా?"

తల్లి మెల్లగా వచ్చి కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"మీ నాన్నా నాకోసమనుకునే తాగాడురా."