ఆవకాయ రోజు దగ్గు

ఇంటింటికీ గోడమీద డాక్టరు పెట్టె వచ్చాక మా వీధికి కొత్త జబ్బొకటి పట్టుకుంది. ఆవకాయ పెట్టే రోజున అందరూ దగ్గుతారు.

తప్పంతా కామేశానిది. నిరుడు వైరస్ ఊపిరితిత్తుల్లోకి దిగి ఆయాసపడుతుంటే పెట్టె అతనికి స్టెరాయిడ్ మాత్రలిచ్చింది. ఆయాసం తగ్గింది గానీ, ఆ మాత్రలు ఎక్కించిన హుషారు మాత్రం ఆగలేదు. ఇంట్లో ఆవకాయకి తెచ్చిన మామిడికాయలన్నీ ఒక్కడే కొట్టి, పక్కింటివాళ్లవీ కొట్టి, ఇడ్లీపాత్ర ఖాళీ చేసి, అడక్కుండానే ఫ్యాన్లు తుడిచాడు.

ఆ మాత్ర కోసమే ఈసారి అతని భార్య మంగతాయారు మొగుణ్ణి మేడమెట్లు ఎక్కించి దింపి, రొప్పుతుండగానే పెట్టె ముందు నిలబెట్టింది.

“గట్టిగా దగ్గండి. సాయంత్రానికి కాయలు మెత్తబడిపోతాయి.”

“ఇది మెట్లెక్కిన ఆయాసమండీ బాబాయిగారూ,” అంది పెట్టె.

మంగతాయారు గిన్నెలో కొత్తకారం తెచ్చి అతని ముక్కు కింద ఆడించింది. కామేశం ఈసారి నిజంగానే దగ్గాడు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది.

పెట్టె ఈసారి మంగతాయారుతో అంది.

“సరే పిన్నిగారూ, మాత్ర ఇస్తాను. కానీ పథ్యం గట్టిది. ఏడాదిపాటు ఆయన ఆవకాయ ముట్టకూడదు.”

“నిరుడు ఈ పథ్యం చెప్పలేదే?”

“నిరుడు ఆయనకి నిజంగా జబ్బు చేసిందండీ.”

కామేశం దగ్గు ఠక్కున ఆగింది. ముక్కు తుడుచుకుని వెళ్లి కాయల ముందు కూర్చున్నాడు.

గోడ అవతల పక్కింటాయన దగ్గు కూడా ఆగిపోయింది. కాసేపటికి అక్కడా కత్తి చప్పుడు మొదలైంది.