గురువారం పావుగంట

"ఇక నావల్ల కాదు వెసా. వచ్చే వారం నుంచి నా శీర్షిక ఉండదు." తూలిక్కి తడిసిన చేతితొడుగులు తీసి సంపాదకుడి బల్ల మీద పడేసింది.

వెసా ఆ ఉదయమే అచ్చయి వచ్చిన వారపత్రికని పక్కకి జరిపాడు. "ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్నారు. ఇప్పుడేమైందండీ?"

"ఇవాళ్టిది చదివావా?"

"చూశాను. 'ఎందుకు రాస్తాను' అనేగా..."

"చూశావు. చదవలేదు." ఆమె కుర్చీలో కూలబడింది. "పదకొండు రోజులు కూర్చున్నాను దాని మీద. మొదట్లో చెప్పాల్సిందేదో ఉందని రాశాను. తర్వాత పేరు కోసం. ఆ తర్వాత, ఎలాగూ గురువారం వస్తుంది కాబట్టి. గుమ్మం ముందు మంచు తోసినట్టే. పొద్దున తోస్తే సాయంత్రానికి మళ్ళీ అంతే ఉంటుంది. నడుం నొప్పి ఒక్కటే మనకి మిగిలేది."

వెసా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మానేస్తానంటే నేను ఆపలేను. కానీ వృద్ధాశ్రమంలో ఎస్కో అని ఒక పెద్దాయన ఉన్నాడు. చూపు లేదు. మూడేళ్ళుగా ప్రతి గురువారం ఫోన్ చేస్తాడు, 'తూలిక్కి గారిది ఇవాళ అద్భుతం, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి' అని. ఈ కబురేదో ఆయనకి మీరే చెప్పండి. నాకు నోరు రాదు."

ఆశ్రమం ఊరి చివర, సరస్సు ఒడ్డున. నవంబరు బురదలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది తూలిక్కి. ఒక్కడు. ఇరవై ఆరేళ్ళకి ఒక్క పాఠకుడు తేలాడు. అయినా లోపల ఎక్కడో చిన్న వెచ్చదనం. అందుకు తన మీద తనకే చిరాకేసింది.

ఎస్కో కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. పొడుగ్గా, ఎముకల గూడులా. ఆమె పేరు చెప్పగానే కాస్త కంగారు పడ్డట్టే కనిపించాడు.

"మీరా! ఇక్కడిదాకా వచ్చారా! కూర్చోండమ్మా. హెల్వి వచ్చే వేళయింది. మీరు రాసింది నాకు చదివి వినిపించేది ఆవిడే. మీరెవరో మాత్రం ఆవిడకి చెప్పకండి. బెదిరిపోతుంది."

హెల్వి రానే వచ్చింది. వంటింట్లో పని చేస్తుందని తడి ఏప్రన్ చూస్తేనే తెలుస్తోంది. యాభై దాటి ఉంటాయి. ఒక చేతిలో కాఫీ, ఏలకుల బన్ను, చంకలో పత్రిక.

"ఎవరు పెద్దాయనా, చుట్టమా?"

"తెలిసినావిడ. ఆవిడా వింటుందట."

"వింటే వినండి. గొంతు బాగోదని మాత్రం అనకండి." హెల్వి స్టూలు లాక్కుని, చేతులు తుడుచుకుని, పత్రికని ముఖానికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది.

తూలిక్కి చెవులు రిక్కించింది. ఆ మొదటి వాక్యాన్ని తను తొమ్మిదిసార్లు తిరగరాసింది.

"'మా వైపు ఒక రైతు, అమ్మడానికని తన ఆవుని పడవలోకి ఎక్కించాడు...'"

తను సరిగ్గా వినలేదేమో అనుకుంది తూలిక్కి. హెల్వి మాత్రం ఎక్కడా తడుముకోకుండా సాగిపోతోంది. సరస్సు మధ్యకి వెళ్ళేసరికి చుట్టూ నీళ్ళు గడ్డకట్టి పడవ ఇరుక్కుపోయిందట. కేకేస్తే వినేవాడు లేడు. చలికి చచ్చిపోకుండా రైతు ఆ ఆవు పొట్టకే ఆనుకుని కూర్చున్నాడట. నిద్ర పడితే ప్రాణం పోతుందని దానితో మాట్లాడుతూనే ఉన్నాడట. పెళ్ళానికి కూడా ఎన్నడూ చెప్పని సంగతులన్నీ చెప్పేశాడట.

తూలిక్కి మెడ చాచి చూసింది. హెల్వి పత్రిక మొదటి పేజీ కూడా తిప్పలేదు.

ఆపండి అనబోయింది. కానీ అప్పటికి కథలో తెల్లారింది. మంచు మీద నడుచుకుంటూ జనం పడవ దగ్గరికి వస్తున్నారు. అందులో ఆవుని కొనాల్సినవాడు కూడా ఉన్నాడు.

"ఇంతకీ అమ్మాడా?" ఆ మాట తూలిక్కి నోట్లోంచి తనకి తెలియకుండానే జారిపోయింది.

"అది వచ్చేవారం రాస్తారట." హెల్వి పత్రిక మడిచి గడియారం చూసింది. "అమ్మో, గిన్నెలు అలాగే ఉన్నాయి!" అంటూ పరుగెత్తింది.

 హెల్వి తెచ్చిన కాఫీ అప్పటికే చల్లారిపోయింది.

"ఎస్కో గారూ, ఆవిడ చదివింది నేను రాసింది కాదు. ఒక్క మాట కూడా నాది కాదు."

"మెల్లగా. వంటిల్లు పక్కనే."

"అంటే మీకు తెలుసా?"

"కళ్ళు పోయాయి గానీ చెవులు ఉన్నాయి కదమ్మా. మీది ఆరో పేజీ అని పత్రిక వాళ్ళే చెప్పారు. ఈ మూడేళ్ళలో ఆవిడ ఆకు తిప్పిన చప్పుడు నేను ఒక్కసారీ వినలేదు. చదవడం రాదనుకుంటాను. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు."

"మరి ప్రతి వారం ఫోన్ చేసి నన్ను మెచ్చుకోవడం దేనికి?" తూలిక్కి గొంతులో కోపం లేదు. అలసట ఒక్కటే ఉంది.

ఎస్కో చేత్తో తడుముతూ కప్పు వెతుక్కుని, దాని అంచు పట్టుకున్నాడు.

"ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకుంటామంటే ఇక్కడ ఒప్పుకోరు. మీ శీర్షిక చదివించుకుంటానని బతిమాలి, గురువారం గురువారం ఆవిడకి పావుగంట ఇప్పించుకున్నాను. మీరు రాయడం మానేస్తే, ఆవిడ ఏ వంక పెట్టుకుని నా పక్కన కూర్చుంటుందమ్మా?"