కాళ్లకే చలి

"కుంపటి ముచ్చట నా ముందట ఎత్తకుర్రి. షెడ్డుల బొగ్గులు వెట్టి తలుపు మూస్తే మనిషి మళ్ల లేస్తడా?" విజయ షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మరేం వెట్టాలె?" శేఖర్ భార్య మీద విసుక్కున్నాడు. "హీటర్ తెస్తే కరెంటు లేకపాయె. ఊకపొయ్యి వెడితే పొగకు బట్ట నల్లవడవట్టె. పొద్దుమీకి జెండా ఇయ్యాలె. నువ్వే జెప్పు, ఏం వెట్టాలె?"

సిరిసిల్లలో ఆ రోజు తెలంగాణ కోసం బంద్. పెరడు అవతల, ఇంటికి దూరంగా ఉన్న రేకుల షెడ్డులో విజయ మామ కిష్టయ్య గుంట మగ్గం మీద కూర్చున్నాడు. నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, అడుగునున్న పలకలు తొక్కుతూ నేయాలి. పుష్యమాసం. రేకుల మీది మంచు బొట్లు బొట్లుగా కారుతోంది. మగ్గం మీది బట్టలో తెలంగాణ పటం సగం దాకా తేలింది.

ఊరినిండా మరమగ్గాలే. అయినా సాయంత్రం సభలో ఎగరేసే జెండా చేతి మగ్గం మీద నేసిందే కావాలని ఉద్యమం నడిపే జేఏసీ సాయన్న పట్టుబట్టాడు. ఆ మాటకే ముసలాయనకు పదేళ్ల వయసు తగ్గింది.

"లొల్లి ఆపుర్రి," అన్నాడు కిష్టయ్య, పోగును అటూ ఇటూ నడిపే నాడె పక్కన పెట్టి. "నా పెయికి చలి లేదు బిడ్డా. కాళ్లకే. పలక మీద ఉన్నయో లేవో తెలుస్తలేదు. తొక్కుడు తప్పుతున్న. పటం వంకర వోయిందనుకో, సభల నా ఇజ్జత్ వోతది."

"గీయన కాళ్ల ముచ్చట ఇడ్డూరం," శేఖర్ నవ్వాడు. "మొన్న ర్యాలీల ఎడమకాలి చెప్పు జారిపోయింది. కంకర మీద ఒట్టికాలితోని ఇంటిదాక నడిచచ్చిండు, అరికాలు చీరుకపోయినా సోయి లేదు. తెలంగాణ అంటే గంత పిచ్చి బాపుకు! గిప్పుడు గింత చలికి ఆగుతలేడు."

ఆ సంగతి వాడంతా తెలుసు. ఉద్యమకారుడంటే కిష్టయ్యలా ఉండాలని వాడవాళ్లు మురిసిపోయారు కూడా.

విజయ మాత్రం నవ్వలేదు. "మా కోనరావుపేటల బాలింత మంచం కింద కుంపటి వెట్టి తలుపులు బిగించిన్రు. తెల్లారి తల్లీ లేవలే, పిల్లా లేవలే. నేను కండ్లార చూసిన."

"అయితే తలుపు తెరిచే ఉంచు," అన్నాడు కిష్టయ్య. "కుంపటి గుంటల, నా కాళ్ల కాడ వెట్టు. పైన గొంగడి కప్పుకుంట. ఊపిరికి గాలి, కాళ్లకు ఏడి. ఇగ నీకేం భయం?"

విజయ తలుపు, రెండు కిటికీలు బార్లా తెరిపించింది. "నేను పిలిచినప్పుడల్ల పలుకాలె మామా. పలుకకపోతే బొగ్గుల మీద నీళ్లు గుమ్మరిస్త," అని బెదిరించి మరీ ఒప్పుకుంది.

మగ్గం చప్పుడు మొదలైంది. విజయ గుమ్మం బయటే రాట్నం ముందేసుకుని కండెలు చుడుతూ కూర్చుంది. చెవులు మాత్రం లోపలే ఉన్నాయి.

"మామా!"

"ఆ బిడ్డా. మంచిగున్న. ఇంకిన్ని బొగ్గులెయ్యి."

ఆమె గొంగడి అంచు కొంచెం లేపి, గంటెడు నిప్పులు చీకటి గుంటలోకి ఒంపింది. ఆయన ముఖం వైపే చూసింది. కళ్లు తేటగా ఉన్నాయి. మాట తడబడటం లేదు. చాలు.

మధ్యాహ్నం దాటాక ఆమె రాట్నం ఆపి ముక్కు ఎగబీల్చింది. "ఏందో మాడు వాసన వస్తుంది మామా. నూలు గిట్ల అంటుకుందా?" పరుగున వచ్చి పడుగంతా తడిమింది. ఒక్క పోగు కూడా చెడలేదు. గొంగడి తడిమింది. అదీ బాగానే ఉంది.

"చౌరస్తల టైర్లు కాలవెడుతున్నరు," అన్నాడు శేఖర్, ఇళ్ల మీదుగా లేస్తున్న నల్లటి పొగ చూపిస్తూ. "పొద్దటిసంది గదే కంపు."

విజయ ఊపిరి పీల్చుకుంది.

పొద్దు వాలుతుండగా డప్పుల చప్పుడుతో సాయన్న వచ్చాడు, వెనక పదిమంది కుర్రాళ్లు. కిష్టయ్య అప్పుడే ఆఖరి పోగు నేసి, బట్ట కోసి ఇచ్చాడు. సాయన్న దాన్ని వెలుగులోకి పట్టి చూశాడు. పటం ఎక్కడా వంకర పోలేదు. కుర్రాళ్లు జై తెలంగాణ అని అరిచారు. మామ నుదుటి మీద చెమట చూసి విజయ కొంగుతో కళ్లు తుడుచుకుంది. గండం గడిచింది, మనిషి నిక్షేపంగా ఉన్నాడు.

సాయన్న ముందుకు వచ్చాడు. "కాకా, ఈ జెండా కట్టే ముందు నీ కాళ్లు మొక్కాలె." జెండా భుజాన వేసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. గొంగడి తొలగించి గుంటలోకి వంగాడు.

కుడికాలు పలక మీద ఉంది. ఎడమకాలు చీలమండ దాకా నిప్పుల్లో ఉంది.

సాయన్న చాచిన చేతులు అక్కడే ఆగిపోయాయి. కిష్టయ్య అది గమనించకుండానే కోడలి వైపు తిరిగి నవ్వాడు.

"మొక్కుడు తర్వాత గని, ఇంకిన్ని బొగ్గులెయ్యి బిడ్డా. ఎడమకాలు ఇంకా సల్లగనే ఉంది."